ఐదో తరగతికి వచ్చినా చదవలేని పిల్లలకు వేసవి శిబిరం: ఎలా పెట్టాలి, ఎలా నడపాలి?

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. డిగ్రీ పరీక్షలు రాసి ఊరికొచ్చిన కుర్రాళ్లు, డ్వాక్రా సంఘం లీడర్లు, రిటైరైన మాస్టార్లు, బదిలీ మీద కొత్తగా ఊళ్లోకి వచ్చిన టీచర్లు అందరిదీ ఒకటే మాట: "మా ఊరి పిల్లలు నాలుగు, ఐదు తరగతులకు వచ్చేశారు. తెలుగులో నాలుగు వాక్యాలు చదవలేకపోతున్నారు. ఈ సెలవుల్లో మేం ఏమైనా చేయగలమా?"

చేయగలరు. ఐదు వారాలు, రోజుకు రెండున్నర గంటలు, కాస్త చదువొచ్చిన ముగ్గురు మనుషులు ఉంటే చాలు. అయితే ఒక షరతు ఉంది. పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కనపెట్టి, వాడికి ఎక్కడి దాకా వచ్చో అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ ఒక్కటి పాటించకపోతే కింద రాసినవన్నీ చేసినా పెద్దగా ఉపయోగం ఉండదు.

దీని వెనక ఉన్న సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో కొలిచే అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం ఉంటే, కరోనా తర్వాత 2022లో 42.8 శాతానికి పడిపోయారు. 2024 నాటికి 48.8 శాతానికి వచ్చారు. అంటే ఇప్పటికీ సగం మందికి పైగా చదవలేకపోతున్నారు. ఇక రెండోది. 2008 జూన్‌లో బిహార్‌లో ప్రభుత్వ టీచర్లే, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతిలో నెల రోజుల వేసవి శిబిరాలు నడిపారు. పిల్లల చదువు బాగా మెరుగుపడిందని, తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశీలనలో తేలింది. బడి తెరిచాక అవే పుస్తకాలు, అదే శిక్షణ ఇచ్చినా వాలంటీర్ల తోడు లేనిచోట ఆ ఫలితం రాలేదు. బడి రోజుల్లో సిలబస్ పరుగు ఉంటుంది. సెలవుల్లో అది ఉండదు. మనకు దొరికే అవకాశం అదే.

కావలసినవి

మనుషులు: ముప్పై మంది పిల్లలకు ముగ్గురు, ఒకరు రాని రోజున ఆదుకోవడానికి నాలుగో మనిషి. ఇంటర్ పూర్తిచేసినవాళ్లు, డి.ఎడ్. విద్యార్థులు, చదువుకున్న కోడళ్లు ఎవరైనా సరే. ఈఏపీసెట్ రాసే పిల్లల్ని ఆ పరీక్ష అయ్యేదాకా అడగకండి. మొహమాటానికి ఒప్పుకుని మధ్యలో మానేస్తారు. నలుగురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండేలా చూసుకోండి.

చోటు: బడి దొరికితే అన్నిటికంటే మంచిది. నల్లబల్ల, ఫ్యాను, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ ఒకేచోట ఉంటాయి. లేదంటే పంచాయతీ ఆఫీసు, లైబ్రరీ, కమ్యూనిటీ హాలు చూడండి. గుడి మండపమో చర్చి హాలో తీసుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లోని ప్రతి వాడ పిల్లలూ సంకోచం లేకుండా అక్కడికి వచ్చి కూర్చోగలరా? ఏ ఒక్క వాడ పిల్లలకు ఇబ్బందైనా ఆ చోటు వద్దు.

సామాన్లు: పలకలు, సుద్దముక్కలు, గుణింతాల చార్టు రెండు మూడు, ఒకటి రెండు తరగతుల తెలుగు వాచకాలు, చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, చింతపిక్కలు, అట్టముక్కలతో చేసిన వంద, పది, ఒక రూపాయి నోట్లు, తలా ఒక నోటు పుస్తకం. కథల పుస్తకాలు లేవంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. నాలుగైదు ప్రింటు తీయించి పెట్టుకోండి.

తిండి: సెలవుల్లో బడి భోజనం ఉండదని మర్చిపోకండి. రాగిజావో, అటుకులో, అరటిపండో రోజూ ఏదో ఒకటి ఉండాలి. ఊళ్లో ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రోజు పెట్టుకునేలా అడిగితే చాలా ఊళ్లలో కాదనరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా తప్పనిసరి.

1. ముందు అనుమతి, తర్వాతే ప్రచారం

బడిలో పెట్టేట్టయితే హెడ్మాస్టరుకు, బడి కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. కాపీ ఒకటి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇచ్చి రండి. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని విద్యాశాఖ ఏటా ప్రైవేటు బడులను హెచ్చరిస్తూ ఉంటుంది కాబట్టి, మీది ఫీజు లేని, బలవంతం లేని, సిలబస్‌తో సంబంధం లేని శిబిరమని ఆ కాగితంలోనే రాయండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, రోజూ ఎవరు ఊడ్చి మూస్తారు అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. శిబిరాలు ఇలాంటి చిన్న విషయాల దగ్గరే ఆగిపోతుంటాయి.

తేదీల సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ సెలవులు మామూలుగా ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ 11 దాకా ఉంటాయి. సెలవులిచ్చిన రెండు మూడు రోజుల్లోనే మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించండి. వారానికి ఆరు రోజుల చొప్పున ముప్పై రోజులు వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లోకి శిబిరాన్ని లాగడం మంచిది కాదు. మే చివర్లో వేడి మరీ ఎక్కువైతే ఆ రోజులు వదిలేయండి, పర్వాలేదు.

2. పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పిలవండి

దండోరా వేసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే ఎవరొస్తారో తెలుసా? బాగా చదివే పిల్లలే వస్తారు. చదవలేని పిల్లాడికి శిబిరమంటే మరో అవమానం. వాళ్ల అమ్మకు పొద్దున్నే ఉపాధి హామీ పని. ఏజెన్సీ గ్రామాల్లోనైతే తునికాకు సేకరణ ఉంటుంది, పిల్లలూ వెంట వెళ్తారు.

అందుకే బడి టీచర్ని అడిగి మూడు నుంచి ఐదు తరగతుల్లో చదవడం కష్టంగా ఉన్న పిల్లల పేర్లు తీసుకుని, సాయంత్రం పూట ఒక్కో ఇంటికీ వెళ్లండి. "మీవాడు వెనకబడ్డాడు" అనకండి. "పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా దగ్గర ఉంచండి, ఏమన్నా తినిపించి పంపుతాం" అనండి. పనికి వెళ్లే తల్లికి పిల్లాడు భద్రంగా ఒకచోట ఉంటాడన్న మాటే ముందు కావాలి. చెల్లినో తమ్ముడినో ఎత్తుకుని వచ్చే ఆడపిల్లలు ఉంటారు. ఆ చిన్నవాళ్లను వద్దనకండి. ఒక మూల చాప వేసి బొమ్మల పుస్తకాలు ఇవ్వండి. లేకపోతే అక్క రావడం మానేస్తుంది.

అప్పుడే ప్రతి పిల్లాడి పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, అమ్మమ్మ ఊరికి ఎప్పుడు వెళ్తారన్నది రాసుకోండి.

3. మొదటి రెండు రోజులు పరీక్షకే ఇవ్వండి

ఆ రెండు రోజులూ పాఠం వద్దు. ఒక వాలంటీరు మిగతా పిల్లలతో ఆటలాడిస్తుంటే, ఇంకొకరు ఒక్కొక్కరినే చెట్టు కిందకు పిలిచి చూడాలి. ఒక్కొక్కరికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. అసర్ వాడే పద్ధతే ఇది. కాగితం మీద నాలుగు భాగాలు రాసుకోండి.

అక్షరాలు: క, ల, మ, ప, బ, గ, న, ర, డ, వ.
పదాలు: వల, తల, పాము, గోడ, మేక, కాకి, చేప, పలక.
పేరా: రాము ఉదయం లేచాడు. పాలు తాగాడు. గేదెను చెరువుకు తోలాడు. చెరువులో చేపలు చూశాడు.
కథ: రెండో తరగతి స్థాయిలో, ఒత్తులున్న ఏడెనిమిది వాక్యాలు.

మొదలు పేరాతో పెట్టండి. మూడు తప్పులకు మించకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కోకుండా వాక్యంలా చదివితే కథ ఇవ్వండి. పేరా రాకపోతే పదాలు చూపించండి. వాటిలో ఏవైనా ఐదు చదివిస్తే నాలుగు వస్తే ఆ పిల్లాడిది పదం స్థాయి. అదీ రాకపోతే అక్షరాలు. ఐదింట్లో నాలుగు వస్తే అక్షరం స్థాయి, రాకపోతే మొదటి స్థాయి.

లెక్కలకూ ఇలాగే. తీసివేతతో మొదలుపెట్టండి: 52 నుంచి 27, 43 నుంచి 17. రెండూ సరిగ్గా చేస్తే భాగహారం ఇవ్వండి: 618ని 6తో. తీసివేత రాకపోతే 10 నుంచి 99 లోపు అంకెలు ఐదు చూపించి చదివించండి, అవీ కుదరకపోతే 1 నుంచి 9.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పిల్లాడి బడి పుస్తకంలోంచి పరీక్ష పెట్టకండి. మొదటి పాఠం మొత్తం నోటికి వచ్చి, వేలు ఒక లైను మీద, నోరు ఇంకో లైను మీద ఉండే పిల్లల్ని మీరు కచ్చితంగా చూస్తారు. అనుమానం వస్తే చివరి వాక్యం నుంచి పైకి చదవమనండి, అసలు సంగతి బయటపడుతుంది. రెండోది యాస. "తాగిండు" అని చదివినా "తాగాడు" అని చదివినా తప్పుగా లెక్కపెట్టకండి. మనం చూసేది చదువొచ్చా లేదా అనే.

తప్పు చదివితే "కాదు" అనకుండా "సరే, ఇది చూడు" అని తర్వాతిదానికి వెళ్లండి. పక్కన వేరే పిల్లలుగానీ వాళ్ల అమ్మగానీ నిలబడకుండా చూసుకోండి.

4. తరగతి చూడకుండా గుంపులు చేయండి

మొదటి స్థాయి, అక్షరం స్థాయి కలిపి ఒకటి. పదం స్థాయి ఒకటి. పేరా, కథ కలిపి ఒకటి. ఐదో తరగతి పిల్లాడు, మూడో తరగతి పిల్ల ఒకే గుంపులో ఉండొచ్చు. అన్నాచెల్లెళ్లు ఒకే గుంపులో పడి అన్న సిగ్గుపడుతుంటే మాత్రం వేర్వేరు చోట్ల కూర్చోబెట్టండి. తెలుగులో ఒక గుంపు, లెక్కల్లో ఇంకో గుంపు అయినా ఇబ్బంది లేదు.

గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి. మల్లె, బంతి, కనకాంబరం అనుకోండి. పిల్లలకు ఎలాగూ అర్థమవుతుంది, కానీ పది రోజులకోసారి గుంపు మారుతుందని కూడా వాళ్లకు తెలిస్తే బాధ ఉండదు. అందరికంటే ఓపిక, నేర్పు ఉన్న వాలంటీరును అక్షరం గుంపుకే ఇవ్వండి. మామూలుగా దీనికి ఉల్టా జరుగుతుంది. చురుకైన వాలంటీరు చురుకైన పిల్లల దగ్గరికి వెళ్లిపోతారు.

5. రోజు ఇలా నడుస్తుంది

7:00 – అందరూ గుండ్రంగా కూర్చోవడం, నిన్నటి కబుర్లు, ఒక పాట
7:15 – తెలుగు, గుంపుల వారీగా
8:15 – జావ, నీళ్లు
8:30 – లెక్కలు, గుంపుల వారీగా
9:15 – ఒక పెద్ద కథ అందరికీ చదివి వినిపించడం
9:30 – ఇంటికి

ఆ చివరి పావుగంటను ఎప్పుడూ కోసెయ్యకండి. ఇంట్లో కథ చదివి వినిపించేవాళ్లు లేని పిల్లలకు పుస్తకంలో ఏముంటుందో తెలిసేది ఆ పావుగంటలోనే. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపి, "తర్వాత ఏమై ఉంటుంది?" అని అడిగి, మిగతాది రేపటికి ఉంచండి. రేపటి హాజరు దాంతోనే సగం ఖాయమవుతుంది.

ఉపాధి పని వేళలు మీ ఊళ్లో వేరైతే టైము దాన్ని బట్టి మార్చుకోండి. పది దాటాక మాత్రం పిల్లల్ని ఎండలో ఇంటికి పంపొద్దు. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ, తల తిరుగుతూ, మాట తడబడుతుంటే ఎండదెబ్బగానే అనుకోండి. నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. శిబిరం వదిలాక మగపిల్లలు నేరుగా చెరువుకో, బావికో, క్వారీ గుంటకో వెళ్తారు. వేసవిలో ఈత ప్రమాదాలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. వాడల వారీగా జట్లు కట్టి, ఒక పెద్ద మనిషిని తోడిచ్చి ఇళ్లకు చేర్చండి. శిబిరంలో ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఒక పిల్ల దగ్గర ఉండకూడదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి.

6. అక్షరం గుంపుకు తెలుగు

అ ఆ ఇ ఈ నుంచి ఱ దాకా వరసగా దిద్దించడం మొదలుపెడితే ఐదు వారాలూ దానికే అయిపోతాయి. ఆ పిల్లలు అది రెండేళ్లు దిద్దే వచ్చారు. మాటలు తయారయ్యే అక్షరాలతో మొదలుపెట్టండి. గ, డ, ప, ల, క, వ ఈ ఆరు నేర్పితే మొదటి రోజే గడప, పలక, వల, కల, కలప చదివేస్తారు. మర్నాడు త, న, మ, ర చేర్చండి: తల, నగ, మర, పడవ, మరక. సొంతంగా ఒక మాట చదివినప్పుడు ఆ పిల్లాడి మొహం చూడండి, తర్వాత మీకు ఓపిక తగ్గదు.

గుణింతాల్లోనే చాలామంది ఇరుక్కుంటారు. క కా కి కీ అని రాగం తీస్తూ పిల్లలు అడ్డవరస మొత్తం చెప్పేస్తారు, మధ్యలో "కొ" మీద వేలు పెడితే నీళ్లు నములుతారు. మందు ఏమిటంటే చార్టును నిలువుగా చదివించండి. కా, గా, చా, జా, తా అని దీర్ఘం ఒక్కటే పైనుంచి కిందికి. తర్వాత కి, గి, చి, జి. అప్పుడు ప్రతి అక్షరంలోనూ గుడి ఏది, దీర్ఘం ఏది అని కన్ను వెతుకుతుంది. రాగం ఆదుకోదు. రోజుకు ఒక గుర్తు నిలువుగా, ఆ గుర్తుతో ఆరేడు మాటలు, ఆ మాటలతో రెండు వాక్యాలు, అంతే.

ఎత్వం–ఏత్వం, ఒత్వం–ఓత్వం తేడాకు అదనంగా రెండు రోజులు ఉంచుకోండి. కొడుకు, కోడి, చెరువు, చేప, పొలం, పోలిక. నోటితో పొడుగ్గా, పొట్టిగా అనిపిస్తూ చప్పట్లు కొట్టించండి. వ–మ–ప, న–స, డ–ద తికమకపడే పిల్లలకు రెండూ ఒకేరోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

7. పదం, పేరా గుంపులకు తెలుగు

పదం గుంపు అసలు ఇబ్బంది ఒత్తులు. "అమ్మ"ను "అమ" అని, "పుస్తకం"ను "పుసకం" అని చదివి వెళ్లిపోతారు. ముందు ద్విత్వాలు తీసుకోండి: అక్క, గడ్డి, పప్పు, ముగ్గు. వీటిలో ఒత్తుకు అక్షరం పోలిక ఉంటుంది. తర్వాత త, న, మ, య, ర, ల ఒత్తులు: అత్త, అన్న, అమ్మ, అయ్య, బర్రె, పిల్ల. వీటి రూపం మారిపోతుంది కాబట్టి విడిగా, నెమ్మదిగా నేర్పాలి. ఆ తర్వాతే పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాక్షరాలు.

పేరా గుంపుకు రోజుకో చిన్న కథ ఇవ్వండి. ముందు మీరు వేలు పెట్టి చదవాలి, తర్వాత పిల్లలు ఇద్దరిద్దరు చదువుకోవాలి, ఆపైన ఒక్కొక్కరు. చదివాక పుస్తకం మూయించి కథ చెప్పించండి. "ఎవరు, ఎక్కడ" అన్న ప్రశ్నలతో ఆపకుండా "నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడగండి. రాతకు ఒక మంచి పద్ధతి ఉంది. నేల మీద సుద్దతో మధ్యలో "సంత" అని రాయండి. పిల్లలు చుట్టూ తోచిన మాటలన్నీ రాస్తారు: బెల్లం, గాజులు, మేకలు, ఆటో, గొడవ. ఆ మాటల్లోంచి నాలుగు తీసుకుని నాలుగు వాక్యాలు. శ్రీకాకుళం పిల్ల వాళ్ల మాటలో రాస్తే, పాలమూరు పిల్లాడు "పోయిండు" అని రాస్తే ఎర్రపెన్ను తీయకండి. ముందు రాయడానికి భయం పోవాలి.

ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే కథను ముందు వాళ్ల భాషలో చెప్పగలిగే అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టండి. అర్థం కాని మాటను ఎన్నిసార్లు చదివించినా నిలవదు.

8. లెక్కలు: పుల్లలు, నోట్లు, ఆ తర్వాతే పలక

"నూట ఐదు" రాయమనండి. చాలామంది 1005 అని రాస్తారు. వంద రాసి పక్కన ఐదు పెడతారు, వాళ్లు విన్నది అదే మరి. స్థానాలు అర్థం కాలేదన్నదానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు. అట్ట నోట్లలో ఒక వంద, ఐదు ఒక రూపాయలు చేతికిచ్చి, మూడు గళ్లు గీసి, పదుల గడిలో ఏమీ లేదని వాళ్లతోనే చెప్పించండి.

తీసివేతలో 52 నుంచి 27 తీస్తే 35 అని వస్తుంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. దీన్ని పలక మీద వంద సార్లు చేయించినా మారదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టించండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు ఏడు పుల్లలు ఇవ్వు" అనండి. పిల్లాడు విడి పుల్లల వంక, కట్టల వంక చూసి ఒక కట్ట విప్పుతాడు. మీరు చెప్పకండి, వాడే విప్పేదాకా ఆగండి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి, రెండు కట్టలు ఇస్తే రెండు మిగులుతాయి. ఇరవై ఐదు. మూడు నాలుగు రోజులు ఇలా పుల్లలతో చేశాక, పుల్లలూ పలకా పక్కపక్కన పెట్టి, చేతిలో విప్పిన కట్టను అంకెల్లో ఎలా రాస్తామో చూపించండి.

భాగహారంలో 618ని 6తో భాగిస్తే 13 అంటారు. నోట్లతో ఆరుగురికి పంచిస్తే తలా వంద వస్తుంది. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి రాదు, అందుకే పదుల గడిలో సున్న. దాన్ని మార్చి పదీ ఎనిమిదీ పద్దెనిమిది చేసి పంచితే తలా మూడు. 103.

ఎక్కాలు పదో ఎక్కం దాకా చాలు. ఇరవై దాకా అప్పజెప్పించే పనికి శిబిరం టైము పెట్టకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చూసిరాత. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు, నోటు పుస్తకం నిండుతుంది, తల్లిదండ్రులు సంతోషపడతారు, నేర్చుకునేది మాత్రం ఉండదు. ఒక్క అక్షరం రాని పిల్లాడు కూడా పేజీ మొత్తం ముత్యాల్లా చూసి రాయగలడు.

బృందగానం. "అందరూ చెప్పండి" అంటే అందరూ చెబుతారు, వెనక కూర్చున్న నలుగురు పెదవులు కదుపుతారు. ప్రతి పిల్లా ప్రతి రోజూ కనీసం ఒకసారి ఒంటరిగా చదివిందా లేదా అన్నది చిన్న చార్టులో టిక్కు పెట్టుకోండి.

ఇంగ్లిష్. "మావాడిది ఇంగ్లిష్ మీడియం, ఇంగ్లిష్ చెప్పండి" అని ఒత్తిడి వస్తుంది. చదవడమనే పని ఏదో ఒక భాషలో ముందు రావాలి, ఇంట్లో మాట్లాడే భాషలో అది తొందరగా వస్తుందని నచ్చజెప్పండి. మరీ పట్టుబడితే కథ గుంపుకు మాత్రమే పావుగంట ఇవ్వండి.

ముగింపు సభ. చివరి వారమంతా డాన్సు ప్రాక్టీసుకు పోయిన శిబిరాలు చాలా ఉన్నాయి. సభ పెట్టండి, అందులో పిల్లలు తల్లిదండ్రుల ముందు కథ చదవాలి, సంత లెక్కలు చేయాలి. రిహార్సల్ అక్కర్లేదు.

హోంవర్కు ఇవ్వడం, కొట్టడం, గట్టిగా అరవడం ఈ శిబిరంలో ఉండకూడదు. ఒక్కసారి చెయ్యి లేస్తే ఆ వాలంటీరును మర్నాటి నుంచి వద్దనండి.

9. పదేసి రోజులకోసారి చూసుకోండి

పదో రోజు, ఇరవయ్యో రోజు, ముప్పయ్యో రోజు అదే కొలత, కొత్త కాగితం. మాటలు, పేరా మార్చండి, కష్టం మాత్రం అంతే ఉంచండి. ఒక గుంపుకు చెప్పిన వాలంటీరు ఆ గుంపును పరీక్షించకూడదు. తెలియకుండానే పెదవి కదిపి అందిస్తారు. స్థాయి పెరిగిన పిల్లల్ని ఆ రోజే పై గుంపుకు మార్చండి.

ఫలితాన్ని సగటు మార్కుల్లో రాయకండి. "మొదటి రోజు అక్షరం గుంపులో ఉన్న పన్నెండు మందిలో ఇప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు?" అని పేరు పేరునా చూడండి. అక్షరం స్థాయి పిల్లలు పదాలకు, పదం స్థాయి పిల్లలు పేరాకు వస్తే శిబిరం బాగా నడిచినట్టే. అందరూ కథ చదివేయాలని పెట్టుకుంటే మీరూ నీరసపడతారు, పిల్లల్నీ తొందరపెడతారు. పదో రోజుకు ఒక గుంపులో ఎవరూ కదల్లేదంటే పిల్లల్ని అనకండి, ఆ గుంపు దగ్గర ఒక గంట కూర్చుని చూడండి. చూసిరాతో, బృందగానమో జరుగుతూ ఉంటుంది.

రోజూ వస్తూ కూడా ఒక పిల్లాడు అస్సలు కదలకపోతే కళ్లు, చెవులు చూపించండి. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుంటున్నాడా? వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నాడా? ఆశా కార్యకర్తతో మాట్లాడి పీహెచ్‌సీకి పంపండి. అంతకుమించిన ఇబ్బంది కనిపిస్తే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో అడగమని తల్లిదండ్రులకు చెప్పండి.

ఇవన్నీ కుదరకపోతే

చదువు చెప్పడానికి మీరు ఒక్కరే ఉన్నారా? అక్షరం గుంపులో పది మందిని మాత్రమే తీసుకోండి. మిగతావాళ్లను చేర్చుకుని అందరికీ కొంచెం కొంచెం చేయడం కంటే అది మేలు.

పిల్లాడు మధ్యలో అమ్మమ్మ ఊరు వెళ్తున్నాడా? రెండు కథలు, పుల్లల కట్టలు ఇచ్చి పంపండి. తిరిగొచ్చాక మళ్లీ పరీక్షించి సరిపోయే గుంపులో కూర్చోబెట్టండి.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వస్తే అదే కాగితంతో చూడండి, కానీ చిన్నపిల్లలతో కలపకండి. సాయంత్రం వేరే టైము ఇచ్చి, పిల్లి కథల బదులు క్రికెట్ వార్తలు, బస్సు బోర్డులు, కరెంటు బిల్లు చదివించండి.

మీరు తల్లో తండ్రో అయి, ఒక్క మీ పిల్లాడికే చెప్పుకోవాలంటే రోజుకు అరగంట చాలు. పావుగంట చదువు, పావుగంట పుల్లలు. పరీక్ష మాత్రం పక్కింటివాళ్లతో పెట్టించండి.

10. బడికి అప్పగించడం

బడి తెరిచిన మొదటి వారంలో ఒక్కో పిల్లాడికి ఒక చీటీ రాసి క్లాసు టీచరు చేతికివ్వండి. అందులో మార్కులు, పొగడ్తలు అక్కర్లేదు. మూడు లైన్లు చాలు: ఏప్రిల్‌లో ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కడున్నాడు, తర్వాత ఏం నేర్పాలి. ఉదాహరణకు: "ఏప్రిల్: అక్షరాలు. మే 31: ఒత్తుల్లేని పేరా చదువుతున్నాడు. ఇంకా కావలసింది: త, న, మ ఒత్తులు, కట్ట విప్పే తీసివేత." తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు అనే ప్రభుత్వ కార్యక్రమం కింద టీచర్లు ఇలాగే స్థాయిలు చూస్తున్నారు కాబట్టి మీ చీటీ వాళ్లకు వెంటనే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ టీచర్లకూ అంతే.

జూన్ చివరి వారంలో, హెడ్మాస్టరు అనుమతితో మధ్యాహ్న భోజనం గంటలో వెళ్లి అందరికీ ఆఖరుసారి ఆ కాగితం చూపించండి. మే 31న వచ్చింది నిలిచిందా, జారిందా అప్పుడు తెలుస్తుంది. జారినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, వాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు ఎవరు ఇవ్వగలరో ఆ రోజే వాలంటీర్లతో కూర్చుని తేల్చుకోండి.